గిటారుకి తలంటు

గిటారు మీద నాకు మూడు పాటలు వచ్చు. వాటిలో రెండు ఒకటే పాటని విన్నవాళ్ళు అంటారు. మూడోది అసలు పాటే కాదని మా అమ్మ అనేది. చదువు సంగతీ ఇంతే. ఎనిమిదో తరగతిలో నేనూ లెక్కలూ ఒకే గదిలో ఇమడలేమని తేలిపోయాక లెక్కలు అక్కడే ఉండిపోయాయి, నేను బయటికి వచ్చేశాను. వచ్చి టాటానగర్ బాగ్‌బేరాలో, రైలు పట్టాలకి ఇవతల, ఒక సైకిల్ షాపులో చేరాను. చేతికి గ్రీజు అంటాక మళ్ళీ పలక ఇచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇదంతా ఆ మూడో పాట గురించి.

అది నా పాట కాదు. ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరుది. మా నాన్న ఆయన ఇంజను మీద ఫైర్‌మేన్‌గా ఏళ్ళ తరబడి బొగ్గు వేశాడు. ఇంట్లో అందరం ఆయన్ని దొర అనేవాళ్ళం. బండి దిగాక డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో దొర శుభ్రంగా స్నానం చేసి, గిటారు ఒళ్ళో పెట్టుకుని, రోజూ అదే వాయించేవాడట. మాటలు లేవు, వట్టి వరస. నాన్న పక్కన పప్పు కలుపుతూ వినేవాడు. కొన్నాళ్ళకి దొర కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, ఓడలో అన్నీ పట్టవని, గిటారు నాన్నకిచ్చేశాడు. నాన్న డ్యూటీ దిగి దానితో కుస్తీ పట్టడం మొదలెట్టాడు. మొదటి నాలుగు స్వరాలు చేతికి వస్తున్నాయి అనగా విశ్వకర్మ పూజ వచ్చింది.

మన వైపు దసరాకి ఆయుధపూజ ఎలాగో, టాటానగర్‌లో సెప్టెంబరులో వచ్చే విశ్వకర్మ పూజ అలాగ. ఇంకా చెప్పాలంటే దీనికే హడావుడి ఎక్కువ. ఊరు ఊరంతా ఇనుము మీద బతికేదాయె. ఆ రోజు ప్రతి పనిముట్టునీ కడిగి, నూనె రాసి, సిందూరం బొట్టు పెడతారు. బొట్టు పడ్డాక మర్నాడు పొద్దుటిదాకా దాన్ని ముట్టకూడదు. ఏడాదంతా చాకిరీ చేసినదానికి ఒక్క పూట సెలవన్నమాట. ఆ ఏడు పూజ అయ్యాక ఒక బండి బయల్దేరాల్సి వచ్చి, పెద్ద బొగ్గుగడ్డ ఒకటి అడ్డుపడితే, నాన్న బొట్టు పెట్టిన సుత్తే తీసుకుని కొట్టాడు. ఎడమ చెయ్యి చూపుడువేలి కొస పోయింది. గిటారు మీద స్వరం నొక్కేది ఆ వేలే. నాన్నని ఇంజను దింపి, ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పని ఇచ్చారు. గిటారు గుడ్డ సంచీతో సహా అటకెక్కింది.

నాకు మీసం మొలిచాక దాన్ని నేను దించాను. నాన్న ఈల వేసి వరస చెప్పేవాడు, నేను తీగల మీద వెతుక్కునేవాణ్ణి. ఆయన ఈల ఒక దారి, నా వేళ్ళు ఒక దారి. మధ్యలో అమ్మ, "పోనీ ఆ ఈలతోనే సరిపెట్టుకోండిరా" అనేది.

నాన్న ఇంకొన్ని నెలల్లో రిటైరవుతాడనగా వచ్చిన పూజ అంటే ఇంట్లో అందరికీ బెంగగానే ఉంది. షెడ్డులో అదే ఆయనకి ఆఖరి విశ్వకర్మ పూజ. ఆ రోజు షెడ్డు గేట్లు తీసేస్తారు. ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ లోపలికెళ్ళి ఇంజన్లు చూడొచ్చు. సాయంత్రం పందిట్లో స్టాఫ్ పిల్లల ఆర్కెస్ట్రా ఉంటుంది. ఆ ఏడు అందులో కూర్చుని, నాన్న ఎదురుగా, దొర వరస ఒక్కసారి తప్పుల్లేకుండా వాయించాలని నా పట్టుదల. నా జీవితంలో సైకిలుకి డైనమో లైటు కోసం తప్ప దేనికీ అంత తాపత్రయపడలేదు.

ఆర్కెస్ట్రా పెద్ద ఒక బెంగాలీ దాదా. హార్మోనియం ముందు కూర్చుని నన్ను వాయించమన్నాడు. వాయించాను. దాదా కళ్ళు మూసుకున్నాడు. మైమరచిపోయాడనుకున్నాను. కళ్ళు తెరిచి, "అరే బాబా, యే గిటార్ హై యా మఛ్లీ తల్ రహే హో?" అన్నాడు. చేపలు వేయిస్తున్నావా అని. నిజమే, ఏ తీగ నొక్కినా చుర్రుమంటోంది. దాదా గిటారు మెడ వెలుతురులోకి తిప్పి నాకు చూపించాడు. వీణకున్నట్టే దానికీ అడ్డంగా మెట్లుంటాయి. మెట్టుకీ మెట్టుకీ మధ్య నల్లటి చెక్క. ఆ చెక్క మీద ఏళ్ళనాటి చెమటా బొగ్గుధూళీ కలిసి మూకుడు అడుగులా గట్టిపడింది. మెట్లు పచ్చగా చిలుం పట్టాయి. చెక్క ఎండిపోయి బీటలివ్వడానికి సిద్ధంగా ఉంది. "ముందు దీనికి స్నానం చేయించు. తరవాత నీ పేరు రాస్తాను" అన్నాడు దాదా హిందీలోనే.

సాక్చి బజారుకి వెళ్ళి కొత్త తీగలు కొన్నాను. బాజాల షాపాయన ఒక చిన్న సీసా కూడా చేతిలో పెట్టి, తీసీ కా తేల్, రెండు చుక్కలు చాలు, ఆరాక తుడిచెయ్యి అన్నాడు. అంటే మన అవిసె నూనె. సరేనని తలూపాను గాని, మనిషికి వచ్చిన విద్య ముందు పరాయి సలహా ఎప్పుడూ చిన్నదే. మురికి పట్టిన ఏ వస్తువునైనా శుభ్రం చెయ్యడానికి సైకిల్ షాపువాడికి ఒక్కటే మంత్రం. కిరసనాయిలు, దాని వెనక గ్రీజు. ఇంటికొచ్చి, పాత తీగలు వదులు చేసి తీసేసి, గిటారు మెడని సైకిల్ చెయినులా పళ్ళెంలో పెట్టుకుని, కిరసనాయిలు డబ్బా మూత తిప్పాను.

వెనక నుంచి చెయ్యి వచ్చి డబ్బా లాక్కుంది.

"ఏటి సేత్తన్నావురా?" అంది అమ్మ.

"శుభ్రం చేస్తున్నానమ్మా."

"అది పొయ్యిలో పెట్టేదా, ఒళ్ళో పెట్టుకునేదా? రేపు దాన్ని పట్టుకుని కూకుంటే జనాలు పాట ఇంటారేటి, అగ్గిపెట్టి దాసుకుంటారు."

ఆ క్షణం నుంచి పని నా చేతిలోంచి పోయింది. మా ఇంట్లో చెక్కతో చేసినదంతా అమ్మ పరిపాలనలో ఉండేది. చపాతీ పీట, రోకలి, కవ్వం, పప్పుగుత్తి, అన్నిటికీ ఆవిడే వైద్యురాలు. గిటారుని ఒళ్ళో వేసుకుని, వేలితో ఆ మురికి గీకి చూసి, పురిటి మంచం మీది పిల్లని చూసినట్టు చూసి, "ఎన్నాళ్ళైందిరా దీనికి తలంటి?" అంది.

తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ముందు మెత్తబరిచింది. తరవాత వెదురు చీపురుపుల్ల చివర నలగ్గొట్టి, దానితో ఒక్కొక్క మెట్టు పక్కనా సందుల్లోంచి నల్లటిది తీసింది. తీసినదంతా పాత పేపరు మీద కుప్పగా పడింది. నేను దాన్ని ఎత్తి పారేయబోతుంటే, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగాడు.

"అదంతా దొరదే," అన్నాడు. కాసేపు చూసి, "కొంచెం నాదీ ఉంటాది" అన్నాడు.

పేపరు నా చేతిలో అలాగే ఉండిపోయింది. అప్పటిదాకా అది నాకు వట్టి మురికి. అమ్మ తల ఎత్తకుండానే, "మీదుంటే మీకే ఇమ్మంటారేటి? కాల్లు కడుక్కు రండి" అంది. నాన్న నవ్వి పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను పేపరు మడిచి పెరట్లో బంతిమొక్క మొదట్లో దులిపాను. ఆ ఏడు బంతిపూలు బాగా పూశాయని చెబితే మీరు నమ్మరు. నేనూ నమ్మను, చీడ పట్టింది.

ఇక మెట్లకి పట్టిన చిలుం. చింతపండు పెట్టి తోమితే ఇత్తడి బిందెలా మెరుస్తుందని అమ్మ. పులుసు చెక్కలో దిగితే గిటారు రసం కాచుకోవడానికి తప్ప పనికిరాదని నేను. మా ఇద్దరి గొడవా విని నాన్న లేచి, ట్రంకుపెట్టె తెరిచి, అడుగునున్న పెద్ద కవరొకటి తీశాడు. అందులో ఆయన చెయ్యి ఎక్స్‌రే ఉంది. వేలు పోయినప్పుడు తీసింది. అమ్మ దాన్ని ఇంటి పట్టాలా ఇన్నేళ్ళూ దాచింది.

"అదెందుకండీ?" అంది గాభరాగా.

"ఇంక దీన్ని సూసే డాక్టరెవుడే?" అంటూ నాన్న బ్లేడు తీసుకుని ఆ ఫిల్ములో సన్నగా, పొడుగ్గా ఒక చీలిక కోశాడు. గిటారు మీద పరిచాడు. చీలికలోంచి ఒక్క మెట్టు మాత్రం పైకి వచ్చింది, చుట్టూ చెక్కంతా ఫిల్ము కింద భద్రం. అరిగిపోయిన ఎమిరీ కాగితం ముక్కతో ఆ మెట్టుని మెల్లగా రుద్దాడు. పచ్చదనం పోయి తెల్లటి మెరుపు వచ్చింది. ఫిల్ము జరిపి తరవాతి మెట్టు. అలా జరుపుకుంటూ కిందికి దిగాడు.

నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. వెలుతురుకి ఆ ఫిల్ములో నాన్న చెయ్యి తెల్లటి ఎముకలతో గిటారు మెడ మీద పడుకుని ఉంది. చూపుడువేలి దగ్గర కొస లేదు. ఫిల్ము జరిగినప్పుడల్లా ఆ చెయ్యి మెట్టు మెట్టుకీ దిగుతూ, అచ్చం వాయిస్తున్నట్టే ఉంది. జోకులెయ్యడం నా పుట్టుక. అయినా ఆ పూట ఒక్కటీ దొరకలేదు.

నూనె దగ్గర మళ్ళీ యుద్ధం. ఈసారి అది మా గడప దాటి కొళాయి దాకా పోయింది. అక్కడ నీళ్ళకొచ్చిన బీహారీ పొరుగావిడ, "సర్సోం కా తేల్ లగాయియే చాచీ, బచ్చా హో చాహే బాజా!" అని తీర్పు చెప్పింది. పిల్లాడికైనా వాయిద్యానికైనా వాళ్ళకి ఆవనూనే. ఒడియా ఆవిడ కొబ్బరినూనె అంది. అమ్మ ఆముదం దగ్గరే ఆగిపోయింది. ఒక్క కొళాయి దగ్గర ఇన్ని నూనెలు కాగుతుంటే నీళ్ళు పట్టే బిందె ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. నేను అవిసె నూనె సీసా పైకెత్తి చూపించాను.

"అది తలుపులకి రాసే నూని కాదేటిరా?" అంది అమ్మ.

"ఇదీ తలుపేనమ్మా. తీస్తే పాట వస్తుంది."

"ఇన్నాల్లూ నువ్వు తీత్తంటే కిర్రుమని అందుకే సప్పుడొచ్చింది."

చివరికి అవిసె నూనే గెలిచింది, రాసే పద్ధతి మాత్రం అమ్మదే. రెండు చుక్కలు మెత్తటి పాత చీర ముక్క మీద వేసి, పసిపిల్లకి ఒళ్ళు రాసినట్టు, చెక్క నరం వెంబడి పైనుంచి కిందికి మర్దనా చేసింది. బూడిదరంగులో ఉన్న చెక్క ఆవిడ చేతికింద నల్లబడుతూ వచ్చింది. తడిసిన మట్టిలా, తరవాత పండిన నేరేడుపండులా. ఎండలో పెడదామంటే నాన్న ఒప్పుకోలేదు. ఎండ సోకితే మెడ వంగిపోతుందని దొర చెప్పాడట. "బాగా తాగనీ, తాగినంత తాగి వద్దన్నది తుడిచెయ్" అన్నాడు. అమ్మ పొడిగుడ్డతో తుడిచింది. గుడ్డకి నూనె అంటడం మానేదాకా తుడిచింది. కొత్త తీగలు బిగించి ఒక్క స్వరం నొక్కాను. చుర్రు లేదు. గుండ్రంగా, శుభ్రంగా, ఇల్లంతా వినబడింది. దొర వరసలో మొదటి నాలుగు స్వరాలూ వాయించాను. నాన్న ఈల వెయ్యబోయి, మానేసి, విన్నాడు. మర్నాడు దాదా కూడా విని పేరు రాసుకున్నాడు.

పూజనాడు పొద్దున్నే సైకిల్ షాపులో పంపుకీ పానాలకీ బొట్లు పెట్టించుకుని ఇంటికొచ్చేసరికి, దేవుడి పీట ముందు వరసగా కూర్చున్నాయి. కత్తిపీట, కుట్టుమిషను, నాన్న టిఫిను డబ్బా, నాన్న పాత బొగ్గు పార. వాటి పక్కన, గోడకి ఆనుకుని, మెడలో పసుపు దారం, తల మీద మందారం, నల్లగా మెరుస్తున్న చెక్క మీద గుండ్రటి సిందూరం బొట్టుతో గిటారు.

అమ్మ ముఖం వెలిగిపోతోంది. "ఎంత బాగుందో సూడు, పెల్లికూతురులాగ!"

నేను గుమ్మంలోనే నిలబడి ఆ బొట్టు వంకే చూశాను. నా ముఖం చూసి ఆవిడ ముఖం మారింది. చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం సంగతి ఆవిడకి తెలియక కాదు. ఆ రోజున కడిగి నూనె రాసిన వస్తువు కనబడితే ఆవిడ వేలు దానంతటది కుంకుమ భరిణెలోకి వెళ్ళిపోతుంది. తన చేత్తో తలంటినదాన్ని బొట్టు లేకుండా వదలడం ఆవిడ ఒంట్లో లేదు.

"ఒరే... సాయంత్రం నువ్వు..."

"పోనీ తుడిచేద్దామా?"

"తుడిత్తే పోద్దేటి, ఎట్టింది ఎట్టిందే!" అంది. నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఆవిడ చూపు అప్పటికే మంచం మీద కూర్చున్న నాన్న ఎడమ చేతి మీద ఉంది. ఆ వేలు పోయిన రోజున షెడ్డుకెళ్ళి సుత్తికి బొట్టు పెట్టిందీ ఆవిడే.

నేను వాదనకి దిగాను. "ఇంజనుకీ బొట్టు పెట్టారు కదమ్మా. అది పరిగెడుతూనే ఉందిగా?"

"ఇంజను జనాల్ని మోత్తాదిరా. నీ గిటారుని జనాలు మొయ్యాలి."

నాన్న కిసుక్కుమన్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగి, "మీరేటంటారు?" అంది. నాన్న నింపాదిగా, "నువ్వే బొట్టెట్టావు. నువ్వే సెప్పాలి" అన్నాడు. ఆయన గిటారు వైపు చూడలేదు. వద్దన్నా ఫరవాలేదన్నట్టు గోడ వైపు చూశాడు. ఆ చూపుని నాకంటే అమ్మ బాగా చదివింది.

పీట ముందు వంగి దేవుడికి ఒక దండం పెట్టింది. తరవాత జడ్జీ కూర్చున్నట్టు గుమ్మంలో కూర్చుంది.

"ఇటు రా. నిజం సెప్పు. ఈ గిటారు నీకు ఎప్పుడైనా కూడెట్టిందేటి?"

"లేదమ్మా."

"ఒక్క పూట టీ నీల్లైనా పోసిందేటి?"

"లేదు."

"ఇక ముందు పెడతాదని నీకేమైనా ఆశ ఉందేటి?"

మగాడి గొంతులోంచి అంత సులువుగా రాని మాట అది. అయినా చెప్పాను. "లేదమ్మా."

"అయితే ఇది పనిముట్టు కాదు. ఆటవస్తువు. పొరపాట్న పనోల్ల వరసలో కూకోబెట్టాను, అంతే. పట్టుకుపో" అంది. అంటూనే దేవుడికి ఇంకొక దండం, ఎందుకైనా మంచిదని, గట్టిగా పెట్టింది.

బొట్టు తుడవలేదు. దారం విప్పలేదు. అలాగే పట్టుకెళ్ళాను. షెడ్డు పందిట్లో ఇంజన్లకి అరటి పిలకలు కట్టి ఉన్నాయి, మైకు గీపెడుతోంది. అమ్మ ముందు వరసలో కూర్చుని నా ముఖం వైపు ఒక్కసారీ చూడలేదు. నా వేళ్ళ మీదే కళ్ళు. ఏ వేలు ఎక్కడ తెగి పడుతుందో పట్టుకోవడానికన్నట్టు కొంగు చేత్తో చాపి సిద్ధంగా ఉంది. నేను నాన్న వైపు చూసి మొదలెట్టాను.

మధ్యలో ఒక చోట తప్పాను. మిగతాది రైలు పట్టా ఎక్కినట్టు ఎక్కింది. నూనె తాగిన చెక్క మీద వేలు ఎక్కడా పట్టలేదు, మెట్టు నుంచి మెట్టుకి జారింది. నాన్న తల వంచుకుని వింటున్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. కొస లేని ఆ చూపుడువేలు పంచె మీద నొక్కుతోంది, వదులుతోంది. నేను తప్పిన చోట కూడా అది తప్పలేదు.

ఆఖర్న చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో సగం మంది నాన్నకి కొట్టారని నాకు తెలుసు. పూజ కమిటీవాళ్ళు వాయించిన అందరికీ ఇచ్చినట్టే నాకూ ఒక స్టీలు గ్లాసూ బూందీ లడ్డూల పొట్లమూ ఇచ్చారు. ఇంటికి నడుస్తుంటే నాన్న గిటారు తనే మోస్తానని భుజాన వేసుకున్నాడు. ముందు నడుస్తూ ఈల వేస్తున్నాడు. ఈల మునుపటికంటే కొంచెం నా దారిలోకి వచ్చింది, నేను తప్పిన చోటుతో సహా.

ఇంట్లోకి రాగానే అమ్మ నా చెయ్యి లాక్కుని వేళ్ళన్నీ ఒకటొకటిగా తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఇక నా ధైర్యం నాకొచ్చేసింది. లడ్డూ ఒకటి నోట్లో వేసుకుని, రెండోది ఆవిడ చేతిలో పెట్టి అన్నాను. "చూశావామ్మా? కూడెట్టలేదన్నావు. ఇదిగో, గ్లాసుతో సహా సంపాదించింది. ఇప్పుడేమంటావు?"

అమ్మ లడ్డూ కొరికి, రుచి చూసి, నిదానంగా మింగింది.

"ఓహో, సంపాదించిందా? అయితే ఇకనుంచి పనిముట్టే. వచ్చే ఏడు పొద్దున్నే బొట్టెట్టి కూకోబెట్టేత్తాను, ముట్టావంటే సూడు. సంవత్సరానికి ఒక్క రోజైనా కాలనీ జనాల సెవులకి సెలవు దొరుకుతాది."